గుమ్మం ముందు ఆగిన గీతలు

2006 జూన్‌లో నన్ను మా ఆక్లాండ్ ఆఫీసులో ప్రయాణ సర్వే విభాగానికి సమీక్షకురాలిగా వేశారు. మాది రవాణా రంగంలో సలహాలిచ్చే ఒక ప్రైవేటు సంస్థ. రోడ్లు వేసేదీ మేము కాదు, బస్సులు నడిపేదీ మేము కాదు. ఏ రోడ్డు మీద ఏ వేళకి ఎంతమంది ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నారో తేల్చి, ఆ పనులు చేసేవాళ్లకి చెప్పడం మా వృత్తి. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కొన్నేళ్లు పనిచేసి ఇక్కడికొచ్చిన నాకు ఈ పని మొదట్లో చప్పగా అనిపించింది. తర్వాత తెలిసింది, ఒక ఊరిని అర్థం చేసుకోవడానికి దీనికంటే మంచి ఉద్యోగం లేదని.

సమీక్షకురాలు అంటే ఏమిటో చెప్పాలి. మా సంస్థ నుంచి బయటికి పోయే ప్రతి నివేదిక మీదా మూడు సంతకాలుండాలి: తయారు చేసినవారు, సమీక్షించినవారు, ఆమోదించినవారు. రెండోది నాది. ఆమోదించే సంతకం పెద్దవాళ్లది కాబట్టి దానికి గౌరవం. తయారు చేసిన సంతకం కష్టపడ్డవాళ్లది కాబట్టి దానికి జాలి. మధ్యలోదాన్ని చాలామంది లాంఛనం అనుకునేవారు. నేను మాత్రం ప్రతి పటాన్నీ పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, బల్ల మీద పరచి, నిలబడి చూస్తే గాని సంతకం పెట్టేదాన్ని కాదు. స్క్రీన్ మీద చూస్తే చాలదా అని కుర్రాళ్లు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు, నా అలవాటు నేను మార్చుకోలేదు.

అప్పటిదాకా ప్రయాణ సర్వే అంటే కాగితం మీద జరిగేది. ఎంపిక చేసిన ఇళ్లవాళ్లు తాము ఎక్కడికెళ్లిందీ రోజువారీ రాసివ్వాలి. మనుషులు ఆఫీసుకెళ్లింది గుర్తుపెట్టుకుంటారు గాని వీధి చివర డెయిరీకి, అంటే ఇక్కడి చిల్లర కొట్టుకి, పాలకోసం వెళ్లింది మరిచిపోతారు. అందుకని ఆ ఏడు ప్రయోగంగా కొన్ని ఇళ్లకి సబ్బుపెట్టె అంత జీపీఎస్ పరికరాలిచ్చాం. ఒక వారం పాటు దాన్ని జేబులోనో సంచిలోనో పెట్టుకుని తిరిగితే చాలు, అది మనిషి ఎక్కడున్నదీ తనంతట తనే నమోదు చేసుకుంటూ పోతుంది. సర్వే చేయిస్తున్నది ఒక ప్రభుత్వ సంస్థ. దాని పేరు ఇక్కడ అనవసరం. వాళ్ల తరఫున ఒప్పందం చూసే అధికారిణి డెబ్రా వెల్లింగ్టన్‌లో ఉండేది. మా వైపు ప్రాజెక్టు మేనేజరు గ్రేమ్. అతను మంచివాడే, కాకపోతే గడువు దగ్గరపడితే మనిషి మారిపోయేవాడు. ఏదైనా అడిగితే 'యే, నా' అనేవాడు. అంటే 'అవును, కాదు' అని. మొదటి ముక్క మర్యాదకి, రెండో ముక్క జవాబు.

ఇళ్లకి వెళ్లి పరికరాలిచ్చే మనుషులు వేరే ఉండేవారు. వాళ్లు నెల తిరక్కుండానే నా దగ్గరికొచ్చి, ఇండియన్ ఇళ్లతో చిక్కుగా ఉందన్నారు. తలుపు తీయరా అని అడిగాను. తీస్తారు, టీ ఇస్తారు, అడిగినదానికల్లా సరేనంటారు, అదే చిక్కు అన్నారు. షరతులు చదివి వినిపించకముందే సంతకం పెట్టేస్తున్నారట. నాకు వెంటనే అర్థమైంది. వాళ్లలో సగం మంది ఇక్కడ స్థిరపడే అనుమతి, రెసిడెన్సీ, కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఇంటికొస్తే కాదంటే ఫైలు మీద ఏం పడుతుందోనని భయం, సరేనంటే మంచి మార్కులు పడతాయేమోనని ఆశ. ఆ 'సరే'కి విలువ లేదు. అందుకని తెలుగు ఇళ్లకి నేనే వెళ్తానన్నాను. నా హోదాకి అది తగిన పని కాదని గ్రేమ్ అన్నాడు గాని ఆపలేదు.

ఆ తిరుగుడులో నవ్వుకున్న సంగతులూ ఉన్నాయి. మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక ఇంట్లో ఆ పరికరానికి బొట్టు పెట్టారు. అక్కడే డెయిరీ నడిపే జబ్బార్ గారు, హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి, దాన్ని వారమంతా గల్లాపెట్టె పక్కన పెట్టి వదిలేశారు. తీసుకోవడానికి వెళ్తే, "గవర్నమెంట్ మిషనమ్మా, బయట తిప్పుతే పోతదేమో అని భద్రంగ పెట్టిన" అన్నారు. రికార్డు ప్రకారం ఆయన వారం రోజులు కొట్టులోనే పడుకున్నారు. మళ్లీ ఇంకో వారం ఇచ్చి, జేబులో పెట్టుకోమని బతిమాలాను.

నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ముందు రెండు మాటలు చెప్పేదాన్ని. ఒకటి, కాదంటే మీకు ఏ నష్టమూ లేదు, ఈ సర్వేకీ మీ రెసిడెన్సీకీ సంబంధం లేదు. రెండు, మీరు ఒప్పుకుంటే మీ దారులు లెక్కలోకి వెళ్తాయి గాని మీ ఇల్లు ఏదో ఎవరికీ కనబడదు. ఆ రెండో మాట మా ఒప్పందంలో రాసి ఉన్నదే. నేను దాన్ని తెలుగులో, వాళ్ల సోఫాలో కూర్చుని, నా మాటగా చెప్పాను. కాగితం మీద ముద్రని చూసి భయపడినవాళ్లు నన్ను చూసి నమ్మారు.

స్వప్న ఇల్లు ఊరికి పడమర హెండర్సన్‌లో. సర్వేకి వీధుల్ని లాటరీ తీసి ఎంచేవాళ్లం, అందులో ఆ వీధి రావడం వల్ల ఆమె ఇల్లు వచ్చింది. కరీంనగర్ దగ్గరి పిల్ల, చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరింది. వృద్ధులుండే రెస్ట్ హోంలో వాళ్లని చూసుకునే కేర్‌గివర్. ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేది. నేను ప్రభుత్వ కాగితం తీయగానే ఆమె ముఖం మారిపోయింది. రెసిడెన్సీ భయం అనుకుని నా మొదటి మాట చెప్పాను. కాదంది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

ఆమె భర్త నుంచి వచ్చేసింది. అతని చేతి దెబ్బలు ఆసుపత్రి దాకా వెళ్లాక, ఫ్యామిలీ కోర్టు అతన్ని ఆమె దరిదాపులకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆమె పనిచేసే చోటు అతనికి తెలుసు. అక్కడ ఎప్పుడూ మనుషులుంటారు, కోర్టు ఉత్తర్వు సంగతి మేనేజరుకి తెలుసు, భర్త గేటు దగ్గర కనిపిస్తే వెంటనే పోలీసులకి ఫోను పోతుంది. అతనికి తెలియనిది ఈ ఇల్లు ఒక్కటే.

"ఆయన గూడ గవర్నమెంట్ ఆఫీసులనే కంప్యూటర్ కాంట్రాక్ట్ చేస్తడక్కా" అని ఆ ఆఫీసు పేరు చెప్పింది. "గవర్నమెంట్‌కిస్తే అందరికీ ఇచ్చినట్టే గదా?"

వద్దమ్మా, నువ్వు ఇవ్వనక్కర్లేదు, నీ ఇల్లు వదిలేసి పక్కింటికి వెళ్తాను అన్నాను. లేవబోయాను కూడా. ఆమె ఆపింది.

"పొద్దుగాల షిఫ్టుకు బస్సు లేదక్కా. చీకట్ల నడ్సుకుంట పోతున్న. నా తొవ్వ లెక్కల రాకపోతే ఆ టైముకు ఆడ మనిషే లేదనుకుంటరు గదా."

ఇంత సూటిగా మా వృత్తి ప్రయోజనాన్ని మా డైరెక్టర్లు కూడా ఎప్పుడూ చెప్పలేదు. నీ ఇల్లు కనబడదు, నాదీ పూచీ అన్నాను. ఆమె పరికరాన్ని తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. వారం తర్వాత నేనే వెళ్లి తెచ్చుకున్నాను. అతని పేరేమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

సెప్టెంబరుకి సేకరణ ముగిసింది. తర్వాతిది శుద్ధి చేసే దశ. పేర్లు, చిరునామాలు తీసేసి ఒక్కో ఇంటికి ఒక సంఖ్య ఇస్తారు. ఏ సంఖ్య ఏ ఇంటిదో చెప్పే జాబితా తాళం వేసిన బీరువాలో ఉంటుంది. తాళంచెవులు గ్రేమ్ దగ్గరా నా దగ్గరా. పేర్లు తీసినంత మాత్రాన సరిపోదు, మనిషి తిరిగిన దారి పటం మీద గీతగా పడుతుంది, ఆ గీత సాయంత్రం ఎక్కడ ఆగిందో చూస్తే అదే ఇల్లని ఎవరికైనా తెలుస్తుంది. అందుకని ప్రతి ఇంటి చుట్టూ ఒక నిర్ణీత దూరం వరకు గీతల్ని చెరిపేయాలని ఒప్పందంలో ఉంది. ఆ దూరం ఎంతన్నది డెబ్రా ఆఫీసు నిర్ణయించింది. మా ప్రోగ్రామర్ అలాగే చేశాడు. గ్రేమ్ చూశాడు, బాగుందన్నాడు. నా సంతకం కోసం ఫైలు పంపాడు.

నేను ఎప్పటిలాగే పశ్చిమ ఆక్లాండ్ పటాన్ని అచ్చు వేయించి బల్ల మీద పరిచాను. గీతలు చాలా అందంగా ఉన్నాయి. రైలు దారి వెంట చిక్కగా, కొండల వైపు పలచగా. అయితే అక్కడక్కడ తెల్లగా, గుండ్రంగా ఖాళీలున్నాయి. గీతలన్నీ ఆ ఖాళీ అంచు దాకా వచ్చి టక్కున ఆగిపోతున్నాయి. ఒక ఖాళీని చూస్తూ ఉండగానే నా వేలు తనంతట తనే దాని నడిమధ్యకి వెళ్లింది.

ఇల్లు అక్కడుంది. దాచడానికని గీసిన వలయమే దాన్ని చూపిస్తోంది. ఇంటి చుట్టూ సమాన దూరంలో గీతలు తెగిపోతే, తెగిన కొసలన్నీ ఒక వృత్తం మీద ఉంటాయి. మూడు కొసలు దొరికితే ఆ వృత్తానికి కేంద్రం ఎక్కడో పదో తరగతి పిల్లలు కూడా కనిపెడతారు. మూడు దారుల్లో బయటికి వెళ్లని ఇల్లు ఏదీ ఉండదు. ఒకటి బస్సుస్టాపుకి, ఒకటి డెయిరీకి, ఒకటి స్నేహితుల ఇంటికి.

నా అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి వేరువేరు పేటల నుంచి కొన్ని ఖాళీలు తీసుకుని, కేంద్రాలు గుర్తుపెట్టి, బీరువా తెరిచి జాబితాతో పోల్చాను. దాదాపు అన్నీ సరిగ్గా ఆ ఇంటి మీదే పడ్డాయి. ఒకటి రెండు పక్కింటి మీద పడ్డాయి. ఆఖరున హెండర్సన్ వైపు చూస్తే ఒక గీత కనబడింది. తెల్లవారకముందే ఒక ఖాళీలోంచి బయలుదేరి, నడక వేగంతో సాగి, ఒక రెస్ట్ హోం దగ్గర ఆగుతోంది. అది ఎవరిదో తెలుసుకోవడానికి నాకు బీరువా అక్కర్లేదు.

అప్పుడు నాకు వచ్చింది కోపమే. పొరపాటు చేసిన వాళ్ల మీద కాదు, వాళ్లు చెప్పింది చేశారు. ఎవరి ఇంటికీ వెళ్లకుండా, ఎవరి సోఫాలోనూ కూర్చోకుండా, దాచడమంటే ఇంత దూరం చెరిపేయడమే అని ఒక అంకె రాసేసి చేతులు దులుపుకున్న పద్ధతి మీద. ఆ అంకెని నమ్మి నేను పూచీ పడ్డాను.

పటం చుట్టుకుని గ్రేమ్ గదికి వెళ్లాను. అతనికి విషయం అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు, తెలివైనవాడు. కాకపోతే ఒప్పందంలో ఉన్నట్టే చేశాం కదా, తప్పు మనది కాదు అన్నాడు. అదీ కాక ఇది పత్రికలకి పోయేది కాదు, ప్రభుత్వంలోనే ఉంటుంది అన్నాడు. డెబ్రా ఆఫీసుతో పాటు ఇంకో రెండు మూడు ప్రభుత్వ ఆఫీసులు కూడా కాపీ అడిగాయని మాటవరసకి చెప్పి, వాటి పేర్లు చదివాడు. అందులో ఒకటి స్వప్న చెప్పిన, ఆమె భర్త పనిచేసే ఆఫీసు.

ఆ సంగతి నేను అక్కడ ఎత్తకూడదు. ఫలానా ఆఫీసులో పనిచేసే ఒకతని నుంచి ఫలానా ఆమె దాక్కుంటోంది అని నేను నోరు తెరిస్తే, నేను కాపాడతానన్న రహస్యాన్ని నేనే బయటపెట్టినట్టు. నా దగ్గరున్న గట్టి వాదన అదొక్కటే, దాన్ని వాడుకునే వీలు లేదు.

గ్రేమ్ నా ముఖం చూసి, ఏదైనా ఒక ఇంటి గురించి కలవరమైతే ఆ ఒక్క ఇంటి రికార్డు తీసేద్దాం అన్నాడు. అతను సాయం చేద్దామనే అన్నాడు. ఆ దారి నాకు నచ్చలేదు. ఒక్క సంఖ్య మాయమైతే, ఎందుకు మాయమైందని అడిగేవాళ్లుంటారు. మిగతా ఇళ్లవాళ్లకి కూడా అదే మాట ఇచ్చాను. పైగా ఆమె తన దారి లెక్కలోకి రావాలనే కదా అంత భయంలోనూ ఆ పరికరం మోసింది. ఆమెని కాపాడటానికి ఆమె నడిచిన దారినే లేకుండా చేస్తే, ఆ వేళకి అక్కడ మనిషే లేదని నేనే చెప్పినట్టవుతుంది.

"నేను సంతకం పెట్టను" అన్నాను.

సమీక్షకురాలి సంతకం లేకుండా ఫైలు బయటికి పోదు. గ్రేమ్ 'యే, నా' అని కూడా అనలేదు. ఫోను తీసి డెబ్రాకి కబురు పెట్టాడు. గడువు ముంచుకొస్తున్న వేళ ఆ పని చేసినందుకు అతని మీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది.

డెబ్రా వెల్లింగ్టన్ నుంచి ఉదయం విమానంలో వచ్చింది. మితంగా మాట్లాడే మనిషి, తన సమయం వృథా అయితే ముఖం మీదే చెప్పే రకం. నేను ముందురోజు స్టేషనరీ కొట్లో స్కూలు పిల్లల జామెట్రీ బాక్సు ఒకటి కొన్నాను. ఏ పటం చూపించాలన్నది కూడా ముందే ఆలోచించుకున్నాను. సర్వేలో పాల్గొన్న ఏ ఇంటినీ ఆ గదిలోకి తీసుకురాకూడదు. పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి మొదట్లో మా ఉద్యోగులమే వాటిని మోసుకు తిరిగాం. ఆ రికార్డుల్లో ఒకదాన్ని అదే పద్ధతిలో శుద్ధి చేయించి, అచ్చు వేయించి ఆవిడ ముందు పెట్టాను. వృత్తలేఖినీ, స్కేలూ, పెన్సిలూ పక్కన పెట్టి, ఈ మనిషి ఇల్లు ఎక్కడో దయచేసి కనిపెట్టండి అన్నాను.

ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది. స్కూలు వదిలాక ఇది ముట్టుకోలేదంది. అయినా మొదలుపెట్టింది. ఒక కొస నుంచి ఇంకో కొసకి గీత గీసి, దానికి మధ్యలో లంబం లాగి, మూడో కొసతో మళ్లీ అదే పని చేసింది. రెండు లంబాలూ ఒకచోట కలిశాయి. పటం మీద ఇళ్ల హద్దులు ముద్రించి ఉన్నాయి కాబట్టి ఆవిడ పెన్సిలు మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక ఇంటి హద్దులోపలికి వెళ్లి ఆగింది. తలెత్తి, ఇది ఎవరి ఇల్లు అని అడిగింది.

"నాది" అన్నాను. "పరవాలేదు, నేను దాక్కోవడం లేదు. దాక్కున్నవాళ్ల ఇళ్లు కూడా ఇంతే సులువుగా దొరుకుతాయి."

ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. తర్వాత ఆవిడ నేను ఊహించిన వాదనే తెచ్చింది. ఇది ప్రజలకి ఇచ్చే సమాచారం కాదు, ప్రభుత్వం లోపలే తిరుగుతుంది, అక్కడి ప్రతి ఉద్యోగికీ నియమావళి ఉంది అంది. నేను చెప్పిన జవాబు నాకు బాగా గుర్తు. ప్రభుత్వం అంటే మీరొక్కరే అయితే ఇప్పుడే సంతకం పెడతాను అన్నాను. ప్రభుత్వమంటే ఎన్నో ఆఫీసులు, వాటిలో వేలమంది మనుషులు, వాళ్లలో పర్మనెంటువాళ్లు, కాంట్రాక్టువాళ్లు, మంచివాళ్లు, మంచివాళ్లు కానివాళ్లు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఇంకెవరికో భర్త, మాజీ భర్త, పొరుగువాడు. ఈ ఇళ్లలో ఎవరు ఎవరికి దూరంగా ఉండాలనుకుంటున్నారో మీకూ తెలియదు, నాకూ తెలియకూడదు అన్నాను. ఇక్కడి ప్రైవసీ చట్టం సంగతి కూడా ఎత్తాను. ఒక పనికోసం సేకరించిన వివరాన్ని మరో పనికి ఇవ్వాలంటే, గణాంకాల విషయంలో, మనిషి ఎవరో పోల్చుకోలేని రూపంలో ఉండాలి. పోల్చుకోవచ్చని మీరే ఇప్పుడు పెన్సిలుతో నిరూపించారు అన్నాను.

అందరూ అనుకున్నంత మొండిది కాదు డెబ్రా. ఆవిడ బాధ వేరే ఉంది. గీతల చివర్లు మరీ కత్తిరిస్తే బస్సుల ప్రణాళిక వేసేవాళ్లకి అసలు పనికొచ్చేది పోతుంది. మనిషి ఇంటినుంచి ఏ స్టాపుకి నడుస్తున్నాడో తెలియకపోతే బస్సు ఎక్కడ పెట్టాలి? అది న్యాయమైన ప్రశ్న. స్వప్న అడిగింది కూడా అదే. ఇల్లు దాచాలి, నడక దాచకూడదు. ఆ రెండింటినీ కలిపే ఉపాయం తెస్తానని చెప్పి, దానికి కొన్ని వారాల గడువు అడిగాను. ఆవిడ సరేనంది. ఇంకో షరతు పెట్టాను. శుద్ధి చేసిన కాపీ ఇచ్చిన వెంటనే అసలు రికార్డులూ, బీరువాలోని జాబితా పూర్తిగా నాశనం చేయాలి, ఆ మాట ఒప్పందంలో చేర్చాలి. దానికి మాత్రం ఆవిడ చాలాసేపు ఆలోచించింది. చివరికి చేర్చింది.

తర్వాతి వారాలు నా ఉద్యోగంలో నేను బాగా కష్టపడ్డ రోజులు, సంతోషంగా కష్టపడ్డ రోజులు కూడా. నేనూ ప్రోగ్రామరూ కూర్చుని, వలయాలన్నీ ఎత్తేశాం. దూరాన్ని బట్టి కాకుండా వీధుల్ని బట్టి ఆలోచించాం. ఏ ఇంటినుంచి బయలుదేరిన గీతైనా, చాలా ఇళ్లవాళ్లు కలిసి వాడే మొదటి మలుపు దగ్గర మొదలయ్యేలా చేశాం. ఆ మలుపు వెనకాల తగినన్ని ఇళ్లు లేకపోతే ఇంకా ముందున్న మలుపుకి జరిపాం. బయలుదేరిన వేళని కూడా కొంచెం అటూ ఇటూ సర్దాం. దాంతో గీత బస్సుస్టాపుకి ఎలా చేరిందో కనబడుతుంది, ఏ గుమ్మంలోంచి వచ్చిందో కనబడదు. మళ్లీ పెద్ద కాగితం మీద అచ్చు వేయించి, ఈసారి ఇద్దరు కుర్రాళ్లకి జామెట్రీ బాక్సు ఇచ్చి, ఏ ఇల్లయినా పట్టుకోండి చూద్దాం అన్నాను. రోజంతా తంటాలు పడి వాళ్లు చేతులెత్తేశారు. అప్పుడు పెట్టాను సంతకం.

చాలా ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో దీనికే నేను గర్వపడతాను, అది దాచుకోవడం లేదు. ఆ పద్ధతి తర్వాత మా సంస్థలో ప్రతి సర్వేకీ నియమమైంది. కొత్తగా చేరినవాళ్లకి ఆ పాఠం నేనే చెప్పేదాన్ని, జామెట్రీ బాక్సుతో సహా.

అసలు రికార్డులు చెరిపే రోజున గ్రేమ్ ముఖం వేలాడేశాడు. ఇంత మంచి సమాచారం మళ్లీ రాదు, ముందుముందు దేనికైనా పనికొస్తుంది కదా అన్నాడు. అందుకే చెరుపుతున్నాం అన్నాను. సాక్షిగా నిలబడి అతనూ సంతకం పెట్టాడు. జాబితా కాగితాల్ని నా చేత్తోనే ముక్కలు చేసే యంత్రంలో వేశాను.

మరుసటి ఏడు ఒకరోజు నాకు ఒక ఈమెయిల్ వచ్చింది. కాపీ తీసుకున్న ఆఫీసుల్లో ఒకదాని నుంచి. ఏ ఆఫీసో చూడగానే గుర్తుపట్టాను. చాలా మర్యాదగా రాసిన ఉత్తరం. హెండర్సన్ ప్రాంతంలో ఫలానా సంఖ్య రికార్డు మొదలయ్యే చోటు సరిగ్గా ఉన్నట్టు లేదు, నాణ్యత పరీక్ష కోసం దాని అసలు గీతల్ని పంపగలరా అని. ఆ సంఖ్య గల గీత తెల్లవారుజామున బయలుదేరి రెస్ట్ హోం దగ్గర ఆగేది. కింద ఒక మగమనిషి పేరు ఉంది. స్వప్న భర్త పేరు నాకు తెలియదు కాబట్టి దాన్ని చూసి నాకు ఏమీ తేలలేదు. అది నిజంగా లెక్క సరిచూసుకుంటున్న ఒక మామూలు ఉద్యోగి ప్రశ్నే కావచ్చు. కాకపోనూ వచ్చు. నాకు ఈనాటికీ తెలియదు.

అసలు రికార్డులు ఒప్పందం ప్రకారం నాశనం చేశాం, పంపడానికి మా దగ్గర ఏమీ లేదు అని రెండు వాక్యాల్లో జవాబిచ్చి, డెబ్రాకి ఒక ప్రతి పంపాను. ఆ జవాబు రాయడానికి నాకు ధైర్యం అవసరం కాలేదు. అవతలి మనిషి ఎలాంటివాడో తూచి చూసుకోనక్కర్లేదు, పైవాళ్ల ఒత్తిడికి తట్టుకోనక్కర్లేదు, నా మంచితనాన్ని నేను పరీక్షించుకోనక్కర్లేదు. ఎవరు ఎంత గట్టిగా అడిగినా ఇవ్వడానికి లేదు, అంతే.

స్వప్న ఇంకో రెండేళ్లు ఆ ఫ్లాట్‌లోనే ఉంది. ఈ గొడవంతా ఆమెకి నేనెప్పుడూ చెప్పలేదు. తర్వాత టౌరంగా అనే వేరే ఊళ్లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి, తన ఇష్టంతోనే వెళ్లింది. వెళ్లేముందు ఫోను చేసి, "కొత్త ఇంటి అడ్రస్ రాసుకో అక్కా, ఎప్పుడన్నా రా" అంది. నువ్వే వచ్చి నన్ను తీసుకెళ్లు, అడ్రసు చెప్పకు అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి నవ్వింది. ఆ క్షణంలో ఆమెకి ఎంత అర్థమైందో నేను అడగలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. మనిషి ఎక్కడుంటాడో చెప్పే వివరాన్ని ప్రభుత్వానికి ఇస్తున్నామంటే, రేపు ఆ కుర్చీల్లో కూర్చోబోయే ముక్కూమొహం తెలియనివాళ్లందరికీ ఇస్తున్నామని అర్థం. పనికి కావలసినంతే అడగాలి, పని అయ్యాక మన దగ్గర ఉంచుకోకూడదు.